తెలుగు మెయిల్ చెదరకుండా చేరాలంటే

పోయిన వేసవిలో తుని అవతలి పల్లె నుంచి ఒక పెద్దావిడ పొద్దున్నే బస్సెక్కి, కాకినాడలోని ఒక ల్యాబ్‌కి షుగర్ పరీక్ష కోసం వచ్చింది. ఇంట్లో రెండు ఇడ్లీలు తిని, కాఫీ తాగి మరీ వచ్చింది. పరగడుపున రావాలని మూడు రోజుల ముందే ఆవిడకు మెయిల్ వెళ్లింది. దాన్ని పంపింది నేను రాసిన కోడే. ఆ రోజు అప్‌డేట్ పెట్టే పని మీద నేను అక్కడే ఉన్నాను. ఆవిడ కౌంటర్ దగ్గర ఫోన్ తీసి చూపించింది. ఇంగ్లీషులో ఉన్న ల్యాబ్ పేరు, తేదీ బాగానే ఉన్నాయి. "కనీసం 8 గంటల ముందు నుంచి ఏమీ తినకండి" అని ఉండాల్సిన చోట మాత్రం ఇలా ఉంది:

????? 8 ???? ????? ????? ??? ???????

"ఎనిమిది అని ఉంది కదా బాబూ, ఎనిమిదింటికి రమ్మన్నారేమో అనుకున్నాను" అంది. ఆవిడ మర్నాడు ఖాళీ కడుపుతో మళ్లీ అంత దూరం రావాల్సి వచ్చింది. తెలుగు మెయిళ్లు పంపే ప్రోగ్రాం రాసేవాళ్లెవరికీ ఆ పరిస్థితి రాకూడదని, అప్పటి నుంచి నేను పట్టుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఆ లైన్‌ని ఇంకోసారి చూడండి. 8 అంకె ఒక్కటే బతికింది. "కనీసం" కంటికి మూడు అక్షరాలే, కానీ ప్రశ్నార్థకాలు ఐదున్నాయి: క, న, దీర్ఘం, స, సున్న. అంటే ప్రోగ్రాం తెలుగును సరిగ్గానే చదువుకుంది, ఒక్కో కోడ్ పాయింట్‌నూ (అక్షరంలోని ఒక్కో భాగానికీ కంప్యూటర్ వాడే సంఖ్య) విడిగా గుర్తుపట్టింది. తర్వాత దాన్ని తెలుగుకు చోటులేని ఒక ఎన్‌కోడింగ్‌లోకి, అంటే అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతిలోకి, మార్చబోయి, చోటు దొరకని ప్రతిదాని బదులూ ఒక ప్రశ్నార్థకం పెట్టింది. మా ప్రోగ్రాం జావాలో ఉంది. మెయిల్ బాడీ పెట్టేటప్పుడు నేను ఎన్‌కోడింగ్ పేరు చెప్పలేదు. చెప్పకపోతే ఆ లైబ్రరీ మెషీన్ డిఫాల్ట్‌ని తీసుకుంటుంది. నా ల్యాప్‌టాప్‌లో అది అన్ని భాషలకూ చోటున్న యూటీఎఫ్-8. సర్వర్‌లోని డాకర్ కంటైనర్‌లో భాషనూ ఎన్‌కోడింగ్‌నూ చెప్పే లాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టలేదు కాబట్టి అక్కడ అది ఇంగ్లీషు అక్షరాలే పట్టే ఆస్కీ అయింది. 2022లో వచ్చిన జావా 18 నుంచి డిఫాల్ట్ ఎక్కడైనా యూటీఎఫ్-8 అయింది గానీ, పాత జావాల మీద నడిచే ప్రోగ్రాంలు ఇంకా చాలా ఉన్నాయి.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది: అక్షరాలు దారిలో వాటంతట అవి పాడవవు. డేటాబేస్ నుంచి ప్రోగ్రాంకి, ప్రోగ్రాం నుంచి మెయిల్ సర్వర్‌కి, అక్కడి నుంచి ఫోన్‌కి బైట్లు చేతులు మారతాయి. మారే ప్రతిచోటా "ఇవి యూటీఎఫ్-8 బైట్లు" అని మనం చెప్పాలి. చెప్పని చోట అవతలివాళ్లు ఊహించుకుంటారు.

ముందు రోగం గుర్తుపట్టండి

కోడ్ ముట్టుకోకముందు, పాడైన మెయిల్ ఎలా కనిపిస్తోందో స్క్రీన్‌షాట్ అడిగి తెప్పించుకోండి. "తెలుగు రావట్లేదు" అన్న మాటతో ఏమీ తేలదు.

వరసగా ప్రశ్నార్థకాలుంటే అసలు అక్షరాలు పోయాయి. ఆ మెయిల్‌ని ఎంత తిప్పినా తెలుగు తిరిగి రాదు. దానికి ముందున్న మెట్టులో వెతకాలి.

నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన ° గానీ ± గానీ మళ్లీ మళ్లీ వస్తుంటే ఊపిరి పీల్చుకోండి. బైట్లు భద్రంగా ఉన్నాయి, అవి ఏ ఎన్‌కోడింగో చెప్పే చీటీ ఒక్కటే తప్పు. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా ఉంటుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్ పాయింట్‌కూ మూడు బైట్లు, మొదటి రెండూ ఎప్పుడూ ఈ0 బీ0 లేదా ఈ0 బీ1. వాటిని పశ్చిమ యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్ విండోస్-1252 అనుకుని చదివితే ఈ0 ఆ గీత ఉన్న ఏ అవుతుంది, బీ0 డిగ్రీ గుర్తు అవుతుంది, బీ1 ప్లస్-మైనస్ అవుతుంది. ఆ రెండు గుర్తులూ కనిపిస్తే అది తెలుగే, ఇంకేమీ అనుమానం అక్కర్లేదు.

ఖాళీ డబ్బాలు □ కనిపిస్తే ఆ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదు. మీ కోడ్‌కి సంబంధం లేదు. నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం � ఉంటే, ఒక అక్షరం మూడు బైట్ల మధ్యలో ఎక్కడో తెగింది. దాని కథ కింద చెబుతాను. =ఈ0=బీ0 అంటూ ఈక్వల్ గుర్తులతో నిండిపోతే, బాడీని ఏ పద్ధతిలో చుట్టారో చెప్పే హెడర్ (మెయిల్ ముందుండే సమాచారపు లైన్) రాలేదు.

తర్వాత మెయిల్ అసలు రూపం చూడండి. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" ఉంటుంది. బాడీ బేస్64లో ఉంటే, తెలుగుకి ఒక సౌకర్యం ఉంది. బేస్64 మూడేసి బైట్లను నాలుగేసి గుర్తులుగా మారుస్తుంది, తెలుగు కోడ్ పాయింట్ సరిగ్గా మూడు బైట్లు. అందుకే వరసగా ఉన్న తెలుగులో ప్రతి కోడ్ పాయింటూ నాలుగు గుర్తులవుతుంది: 4, క్యాపిటల్ ఎల్, క్యాపిటల్ సీ లేదా జీ, ఆ తర్వాత మారే నాలుగో గుర్తు. తెలుగు మాటతో మొదలయ్యే బాడీలో మొట్టమొదట 4ఎల్‌సీ గానీ 4ఎల్‌జీ గానీ కనిపిస్తే, తెలుగు మీ సర్వర్ నుంచి చెక్కుచెదరకుండా బయల్దేరినట్టే. డీకోడ్ చేయకుండా కంటితోనే పట్టుకోవచ్చు. నాకు దీనివల్ల ఎన్నో గంటలు మిగిలాయి.

డేటాబేస్ గుమ్మం

మైసీక్వెల్ అనే డేటాబేస్‌లో ఒక అడ్డుపేరు ఉంది. అందులో యూటీఎఫ్8 అని రాస్తే చాలాకాలంగా వచ్చేది అక్షరానికి మూడు బైట్లు మించనిదే. తెలుగు మూడు బైట్లలో సరిపోతుంది కాబట్టి మీ టెస్టులన్నీ పాసవుతాయి. ఎవరో ఒకరోజు పేరు పక్కన దండం ఎమోజీ పెడతారు, అది నాలుగు బైట్లు, ఆ రికార్డ్ సేవ్ కాదు. కాలమ్‌కీ కనెక్షన్‌కీ రెండింటికీ నాలుగు బైట్లూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. మైసీక్వెల్ 8 నుంచి కొత్త టేబుళ్లకు డిఫాల్ట్ అదే. పాత టేబుళ్లు మాత్రం పాతవాటిగానే ఉంటాయి.

అనుమానం వస్తే "క" ఒక్కటే ఒక రికార్డులో పెట్టి, లెంగ్త్ ఫంక్షన్‌తో ఎన్ని బైట్లుందో అడగండి. మూడొస్తే మంచిది. ఒకటొస్తే అక్కడున్నది ప్రశ్నార్థకం. హెక్స్ ఫంక్షన్‌తో చూస్తే 3ఎఫ్ అని కనిపిస్తుంది. ఏడొస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది: క తాలూకు మూడు బైట్లను ఎవరో మూడు వేరే అక్షరాలనుకుని, ఒక్కోదాన్నీ మళ్లీ యూటీఎఫ్-8లోకి మార్చారు.

ఇంకొక చిక్కు పాత సిస్టమ్స్‌లో తగులుతుంది. కాలమ్ లాటిన్1 (మైసీక్వెల్‌లో విండోస్-1252కి పేరు), కనెక్షన్ కూడా లాటిన్1, ప్రోగ్రాం మాత్రం యూటీఎఫ్-8 బైట్లు పంపుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని ఏళ్ల తరబడి పనిచేస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లెవరో కనెక్షన్ ఒక్కదాన్ని సరిచేస్తే ఒక్క రాత్రిలో మొత్తం డిగ్రీ గుర్తులైపోతుంది. అలాంటి కాలమ్‌ని నేరుగా కన్వర్ట్ చేయకండి, రెండుసార్లు ఎన్‌కోడ్ అవుతుంది. ముందు బ్యాకప్ తీసి, కాలమ్‌ని ఉత్త బైట్లు దాచే బ్లాబ్‌గా మార్చి, అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చండి.

ఒరాకిల్ డేటాబేస్ వాడేవాళ్లు కాలమ్ పొడవు చూసుకోండి. అక్కడ 100 అని ఇస్తే మామూలుగా 100 బైట్లు, అంటే 33 తెలుగు కోడ్ పాయింట్లు. "లక్ష్మి" అన్న చిన్న పేరుకే ఏడు కావాలి. యూనిట్‌గా క్యారెక్టర్ అని స్పష్టంగా రాయాలి.

మెయిల్ గుమ్మం

1982లో మెయిల్ పంపే నియమాలు రాసినప్పుడు 7 బిట్ల ఆస్కీ తప్ప ఇంకేమీ దారిలో వెళ్లేది కాదు. 1990లలో అమెరికాలోని తెలుగువాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, ఆర్‌టీఎస్ పద్ధతిలో రాసుకోవడానికి అదొక కారణం. 1992లో మైమ్ వచ్చింది. ఆ ఇరుకు దారిలోనే పట్టేలా ఏ భాషనైనా మూటగట్టి పంపే పద్ధతి అది. మూట మీద రెండు చీటీలుండాలి. మొదటిది కంటెంట్-టైప్, అందులో చార్‌సెట్=యూటీఎఫ్-8 ఉండాలి. రెండోది కంటెంట్-ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్, అందులో బేస్64 అనో ఆస్కీ కాని ఒక్కో బైట్‌నూ =ఈ0 లాంటి మూడు గుర్తులుగా రాసే కోటెడ్-ప్రింటబుల్ అనో ఉండాలి. తెలుగుకి నేను ఎప్పుడూ బేస్64నే ఎంచుకుంటాను. "తెలుగు" అన్న మాటకు ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. బేస్64లో అది 24 గుర్తులు, కోటెడ్-ప్రింటబుల్‌లో 54. హెచ్‌టీఎమ్‌ఎల్ లోపల మెటా ట్యాగ్‌లో చార్‌సెట్ రాశాం కదా అని హెడర్ వదిలేయకండి. సాదా టెక్స్ట్ భాగానికి మెటా ట్యాగ్ ఉండదు.

బేస్64 ఎందుకంటే, మాకు ఇంకో దెబ్బ తగిలింది. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే సేవకి ఒక మెయిల్ తయారుచేశాం. టెంప్లేట్‌ని కుదించి ఒకే పొడవాటి లైన్ చేసి, బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా 8బిట్‌లో పంపాం. మెయిల్ మధ్యలో ఒక చోట డైమండ్, ఒక ఖాళీ, మళ్లీ డైమండ్ వచ్చాయి. ఒకరికి "ఉదయం" అన్న మాటలో, ఇంకొకరికి "మూత్రం" అన్న మాటలో. నా టెస్ట్ అకౌంట్‌లో అసలే రాలేదు. రెండు రోజులు టెన్షన్ పడ్డాక, చోటు మారడానికి కారణం పేషెంట్ పేరు పొడవని తేలింది. మెయిల్ నియమాల ప్రకారం ఒక లైన్ 998 బైట్లు మించకూడదు. మించితే మధ్యలో ఉన్న సర్వర్ అక్కడ కొత్త లైన్ దూర్చేయవచ్చు, అది బైట్లే చూస్తుంది, అక్షరాలు చూడదు. 998ని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. ఆ మిగిలిన రెండు బైట్లు ఒక ఒడ్డున, మూడోది ఇంకో ఒడ్డున. నా పేరు పొడవుకి లెక్క సరిగ్గా ఒక అక్షరం చివర పడింది, అందుకే నాకు కనపడలేదు. బేస్64 లైన్లు 76 గుర్తులకే ఆగుతాయి కాబట్టి ఈ బాధ ఉండదు.

సబ్జెక్ట్‌కి వేరే మూట కావాలి, హెడర్లలో నేరుగా తెలుగు రాయకూడదు. =?యూటీఎఫ్-8?బీ? అన్న ముందుభాగం, బేస్64, చివర ?= కలిపి ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. లెక్కేస్తే ఒక ముక్కలో 15 తెలుగు కోడ్ పాయింట్లే పడతాయి. "మీ రక్త పరీక్ష రిపోర్ట్ సిద్ధం" అన్నది ఒక ముక్కలో పట్టదు. ఏ ముక్కా అక్షరం మధ్యలో తెగకూడదని కూడా నియమం ఉంది. దీన్ని చేత్తో రాయాలని చూడకండి. పైథాన్‌లో ఈమెయిల్‌మెసేజ్ క్లాస్ ఇదంతా తనే చూసుకుంటుంది. జావాలో సెట్‌సబ్జెక్ట్‌కి రెండో విలువగా యూటీఎఫ్-8 ఇవ్వాలి, సెట్‌టెక్స్ట్‌కీ అంతే. పీహెచ్‌పీలో ఎంబీ_ఎన్‌కోడ్_మైమ్‌హెడర్ ఉంది. పంపినవారి పేరు తెలుగులో ఉంటే అదీ ఇలాగే చుట్టాలి, ఆ ముక్కల చుట్టూ కోట్ గుర్తులు పెట్టకూడదు. పెడితే కొన్ని ఫోన్లలో పేరు బదులు ఆ మూటే కనిపిస్తుంది.

సబ్జెక్ట్ పొట్టిగా ఉండాలని 30 దగ్గర కత్తిరించే కోడ్ మీ దగ్గర ఉంటే ఒకసారి చూసుకోండి. "పరీక్ష" ని నాలుగో కోడ్ పాయింట్ తర్వాత కోస్తే "పరీక" మిగులుతుంది, ఐదో దాని తర్వాత కోస్తే "పరీక్" మిగులుతుంది. నేను పదం మధ్యలో ఎప్పుడూ కోయను, ఖాళీ దగ్గరే కోస్తాను.

అటాచ్‌మెంట్లు

ఫైల్ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, అంకెల్లో పెట్టి, తెలుగు శీర్షికను పీడీఎఫ్ లోపల రాస్తాను. తెలుగు ఫైల్ పేరుకి పద్ధతి ఉంది గానీ, అన్ని మెయిల్ యాప్‌లూ దాన్ని ఒకేలా చదవవు. రిపోర్ట్ తెరుచుకోకపోవడం కన్నా పేరు ఇంగ్లీషులో ఉండటం నయం.

పీడీఎఫ్‌తో జాగ్రత్త. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీలు కొన్ని కోడ్ పాయింట్లను వరసగా పేర్చేస్తాయి, ఒత్తును కిందికి దించవు. క పక్కన పొల్లు, దాని పక్కన ష విడివిడిగా పడతాయి. మేం చివరికి హెచ్‌టీఎమ్‌ఎల్ తయారుచేసి, తెర లేకుండా నడిచే క్రోమ్‌తో పీడీఎఫ్‌గా ప్రింట్ చేయించాం. బ్రౌజర్‌కి ఒత్తులు పెట్టడం వచ్చు.

సీఎస్‌వీ ఫైల్ పంపితే మొదట ఈఎఫ్ బీబీ బీఎఫ్ అన్న మూడు బైట్లు పెట్టండి. అవి లేకపోతే డబుల్ క్లిక్ చేయగానే ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8గా గుర్తుపట్టకపోవచ్చు. అనువాదకులు స్ట్రింగ్స్ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే మొత్తం ప్రశ్నార్థకాలవుతుంది. యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని విడిగా ఉన్నదాన్నే ఎంచుకోమని ముందే చెప్పండి.

మాటలు

ఎన్‌కోడింగ్ అంతా సరిగ్గా ఉన్నా, చేరింది తెలుగు వాక్యమో కాదో చూడాలి కదా.

మా మొదటి అనువాదంలో "ఉపవాసంతో రావాలి" అని వచ్చింది. ఇంగ్లీషు మాటకు నిఘంటువులో దొరికేది అదే. కానీ మన ఇళ్లలో ఉపవాసం అంటే చాలామందికి అన్నం మానేసి పాలూ పళ్లూ తీసుకోవడం, సాయంత్రం టిఫిన్ చేయడం. శనివారం ఉపవాసం ఉండే మా అమ్మకు ఆ వాక్యం చూపిస్తే, "అయితే అరటిపండు తినొచ్చుగా" అంది. అప్పుడు మార్చాం: "పరగడుపున రండి. 8 గంటల ముందు నుంచి ఏమీ తినకండి. కాఫీ, టీ, పాలు కూడా వద్దు. మంచినీళ్లు తాగవచ్చు."

పేరు వచ్చి చేరే చోట విభక్తి అతికించకండి. రవికి, సీతకు, తిరుపతికి, విజయవాడకు. చివరి అచ్చును బట్టి కి, కు మారతాయి, ఆ పని కోడ్‌తో చేయించబోతే ఎక్కడో ఒకచోట ఎబ్బెట్టుగా వస్తుంది. మనుషుల పేర్లకు మన భాషలోనే పరిష్కారం ఉంది: పేరు తర్వాత ఖాళీ ఇచ్చి "గారికి" అని రాయండి. పేరు ఏదైనా ఆ మాట మారదు, మర్యాదా దక్కుతుంది. ఊళ్లకు "కాకినాడ బ్రాంచికి" అన్నట్టు పక్కన ఒక నామవాచకం పెట్టండి.

అంకెలతో వచ్చే మాటలకు యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్‌లో (ఒక్కో భాష రాత నియమాలున్న డేటా) తెలుగుకి రెండు రూపాలున్నాయి, ఒకటికి ఒకటి, మిగతావాటికి ఒకటి: 1 రిపోర్ట్, 2 రిపోర్ట్‌లు. మనుషులను లెక్కపెట్టేటప్పుడు ఇవి చాలవు. "3 పేషెంట్లు" అని తప్పించుకోవచ్చు గానీ, ముగ్గురు అని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. పదిలోపు వాటికి మేం ఒక చిన్న పట్టిక పెట్టుకున్నాం. డబ్బు లెక్కలను లొకేల్‌కి (భాష, ప్రాంతం సెట్టింగ్‌కి) వదిలేస్తే 1,25,000 అని లక్షల పద్ధతిలోనే వస్తుంది. చేత్తో కామాలు పెట్టే పాత కోడ్ ఉంటే తీసేయండి.

డాక్టర్లు ఇచ్చే తెలుగు కరపత్రాలు చాలాసార్లు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేసినవి. ఆ ఫైల్‌లో తెలుగు కోడ్ పాయింట్లు ఉండవు, వేరే గుర్తులను ఆ ఫాంట్ తెలుగులా గీసి చూపిస్తుంది. అలాగే పేస్ట్ చేస్తే చెత్త వస్తుంది. కన్వర్టర్లున్నాయి, వాడండి, కానీ మార్చాక ఒక్కో మాటా చదవండి. మందు మోతాదు ఉన్న లైన్‌లో ఒత్తు జారితే ఎవరూ క్షమించరు.

పంపే ముందు

మేం ప్రతి మార్పు తర్వాతా ఒకే లైన్‌ని సబ్జెక్ట్‌లోనూ బాడీలోనూ పెట్టి పంపుతాం: "లక్ష్మి గారికి కైకలూరు సాఫ్ట్‌వేర్ బిల్లు ₹1,25,000 🙏". లక్ష్మిలో ఒత్తు కింద ఒత్తు నిలబడుతుందో లేదో తెలుస్తుంది. కైకలూరులోని ఐత్వం యూనికోడ్‌లో ఒక కోడ్ పాయింట్‌గానూ రాయవచ్చు, రెండుగా విడదీసీ రాయవచ్చు. వెతికినప్పుడు రెండూ ఒకటే అని తేలాలంటే సేవ్ చేసేముందు విడి ముక్కలను కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చాలి. రూపాయి గుర్తు పాత ఎన్‌కోడింగ్‌లలో ఉండదు. ఎమోజీ నాలుగు బైట్ల పరీక్ష.

ఇక "సాఫ్ట్‌వేర్". ట్ తర్వాత కంటికి కనపడని ఒక కోడ్ పాయింట్ ఉంది, 200సీ. దాని వల్లే పొల్లు ఆగి, వే విడిగా నిలుస్తుంది. ఇంగ్లీషు మాటలు ఇన్ని వాడే మన రాతలో అది అడుగడుగునా వస్తుంది. ఈ లైన్‌ని ల్యాబ్ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి తన ఫోన్‌లో చదివి మాకు వినిపిస్తుంది. పోయిన నెల ఆమె ఆ మాట దగ్గర ఆగింది. "అన్నా, ఫ కింద రెండు ఒత్తులు వేలాడుతున్నాయి" అంది. వెబ్ ఫారంలోని టెక్స్ట్‌ని శుభ్రం చేయడానికి మేం కొత్తగా పెట్టిన లైబ్రరీ, కనపడని కోడ్ పాయింట్లన్నీ తీసేస్తోంది. 200సీని వదిలేయమని దానికి చెప్పి, మళ్లీ పంపి, ఆమె చదివాకే ఆ సాయంత్రం పేషెంట్లకు మెయిళ్లు వదిలాం.